ఇరవై ఫ్రేముల ఎడం

కల్యాణ మండపం నుంచో సభాభవనం నుంచో యూట్యూబ్‌కి లైవ్ ఇచ్చేవాళ్లకు ముందుగా చిక్కు తెచ్చేది బొమ్మ కాదు, శబ్దం. మూడు కెమెరాలు హెచ్‌డీఎంఐ తీగల మీద ల్యాప్‌టాప్‌లోకి వస్తాయి. ప్రతి బొమ్మతోపాటు ఆ కెమెరా మైకు పట్టిన శబ్దమూ వస్తుంది. అది చాలదన్నట్టు సౌండ్ వాళ్ల మిక్సర్ నుంచి ఇంకో లైను. వీమిక్స్, ఓబీఎస్ లాంటి మిక్సింగ్ సాఫ్ట్‌వేర్లు ఈ నాలుగింటినీ వరసగా తెర మీద పెట్టి, ఏది ఉంచాలో ఏది మూయాలో మనకే వదిలేస్తాయి. కొత్తవాళ్లు అన్నీ తెరిచి ఉంచుతారు. ఒకే గొంతు కొద్ది మిల్లీసెకన్ల తేడాతో నాలుగు దారుల్లో వచ్చి పడేసరికి మాట గుల్లగా, మార్మోగుతూ వినిపిస్తుంది. చేయి తిరిగినవాళ్లు కెమెరాల శబ్దమంతా మూసేసి, మిక్సర్ లైను ఒక్కటే ఉంచి, దానికి వందో రెండు వందలో మిల్లీసెకన్ల డిలే పెడతారు. ఈ డిలేని చాలామంది చవక పరికరాల లోపానికి వేసిన అతుకు అనుకుంటారు. ఖరీదైన సామాను కొంటే దాని అవసరమే ఉండదని వాదిస్తారు. చరిత్ర ఆ వాదనను సమర్థించదు. శబ్దాన్ని కెమెరా నుంచి విడదీసి, వేరే దారిన నడిపించి, చివర్లో బొమ్మతో కలపడం ఈ వృత్తి పుట్టిన నాటి నుంచీ ఉన్న పద్ధతే. రెంటినీ ఒకే పెట్టెలో కట్టేయాలని చేసిన ప్రయత్నాలు పని ఒక్క కెమెరాతో సరిపోయినంత కాలమే నిలబడ్డాయి.

ఎడిసన్ ప్రయోగశాలలో 1894–95 ప్రాంతంలో విలియం డిక్సన్ ఒక పెద్ద కొమ్ముబూర ముందు నిలబడి వయొలిన్ వాయిస్తుండగా ఇద్దరు మనుషులు నాట్యమాడిన చిన్న ఫిల్ము ఒకటుంది. బొమ్మ ఫిల్ము మీద, వయొలిన్ మైనపు సిలిండర్ మీద. రెండూ వేరువేరుగా పుట్టి వేరువేరుగా భద్రమయ్యాయి. నూరేళ్లు దాటాక, విరిగిపోయిన సిలిండర్‌ను బాగుచేసి శబ్దాన్ని రాబట్టిన తర్వాతే, ఎడిటర్ వాల్టర్ మర్చ్ చేతిలో ఆ రెండూ సరిగ్గా కలిశాయి. రికార్డు చేయడం అప్పటికే వచ్చు, కలిపి నడపడమే రాలేదు. 1926లో వార్నర్ బ్రదర్స్ తెచ్చిన వైటాఫోన్ ఆ పనిని వ్యాపారంగా మార్చింది. పదహారు అంగుళాల రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. ఆపరేటర్ ఫిల్ము మీది ప్రారంభపు గుర్తును, రికార్డు మీది బాణం గుర్తును సరిచూసి ముల్లు పెట్టాలి. ఫిల్ము తెగి నాలుగు ఫ్రేములు పాడైతే వాటిని కత్తిరించి అతికిస్తే సరిపోదు. అన్ని ఫ్రేముల నల్ల ఫిల్మునూ అక్కడ చేర్చాలి, లేకపోతే ఆ రీలు అయ్యేదాకా పెదవులొక దారి, మాటలొక దారి. ఇవాళ ల్యాప్‌టాప్ మీద బొమ్మకీ మాటకీ మధ్య తేడాను మిల్లీసెకన్లలో సరిచేసే మనిషి చేస్తున్నది ఆ ఆపరేటర్ చేసిన పనే.

ఆ రోజుల్లోనే ఇంకొక సంగతి తేలింది. మూకీల కాలంలో కెమెరాను చేత్తో తిప్పేవారు, వేగం మనిషిని బట్టి, సన్నివేశాన్ని బట్టి మారేది. కన్ను దాన్ని సహించింది. చెవి సహించదు. వేగం కొద్దిగా మారినా శ్రుతి మారుతుంది, గొంతు మారుతుంది. అందుకే మాట వచ్చాక బొమ్మ సెకనుకు 24 ఫ్రేములకు స్థిరపడక తప్పలేదు. పాతికేళ్ల తర్వాత అమెరికాలో రంగుల టెలివిజన్ వచ్చినప్పుడూ ఇదే కథ. ధ్వని వాహక తరంగంతో రంగుల సంకేతం రాపిడి పడకుండా ఉండాలని 1953లో సెకనుకు 30 ఫ్రేముల వేగాన్ని వెయ్యిలో ఒక వంతు తగ్గించి 29.97 చేశారు. ధ్వనిని కదపకుండా బొమ్మను కదిపారన్నమాట. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో నేటికీ కనిపించి కొత్తవాళ్లను తికమకపెట్టే ఆ వింత అంకెకు మూలం శబ్దమే. మన దేశం 25 ఫ్రేముల పద్ధతిలో ఉంది కాబట్టి ఆ తలనొప్పి మనకు రావలసింది కాదు. అమెరికా సెట్టింగులతో వచ్చిన కెమెరాలను అలాగే వాడి మనవాళ్లు దాన్నీ కొనితెచ్చుకున్నారు.

నా వాదనకు ఎదురు నిలిచే మొదటి సాక్ష్యం ఫాక్స్ సంస్థ మూవీటోన్. థియోడర్ కేస్ రూపొందించిన ఆ పద్ధతిలో శబ్దాన్ని కాంతిగా మార్చి అదే ఫిల్ము అంచున ముద్రించేవారు. కెమెరాయే రికార్డరు. 1927 మే 20న లిండ్‌బర్గ్ విమానం న్యూయార్క్ దగ్గర నేల విడిచిన దృశ్యాన్ని ఇంజను మోతతో సహా అది పట్టింది. జనం ముగ్ధులయ్యారు. అంటే బొమ్మా మాటా ఒక్కటై పుట్టగలవని రుజువైనట్టేనా? ఫిల్మును చేతిలోకి తీసుకుని చూస్తే జవాబు దొరుకుతుంది. బొమ్మ ముద్రపడే చోట ఫిల్ము ప్రతి ఫ్రేముకూ ఒక్క క్షణం ఆగాలి, సెకనుకు ఇరవై నాలుగు సార్లు. శబ్దం పడే చోట అది ఎక్కడా ఆగకుండా, వణక్కుండా జారాలి. ఈ రెండు పనులూ ఒకే చోట కుదరవు. అందుకని ఏ బొమ్మకు చెందిన శబ్దమైనా ఆ బొమ్మ పక్కన ఉండదు, 35 మిల్లీమీటర్ల ఫిల్ములో దానికి దాదాపు ఇరవై ఫ్రేముల ముందు ఉంటుంది. సెకనులో అయిదింట నాలుగు వంతుల పైచిలుకు ఎడం. 16 మిల్లీమీటర్ల ఫిల్ములో అది ఇరవై ఆరు ఫ్రేములు, సెకను దాటిపోతుంది. ఒకే పట్టీ మీద అచ్చయిన తోబుట్టువులే అంత దూరంలో ఉన్నాయి.

ఈ ఎడం ప్రదర్శనలో కనిపించదు, ప్రొజెక్టర్ కూడా అదే దూరం పాటిస్తుంది కాబట్టి. కత్తెర పట్టినప్పుడు బయటపడుతుంది. ఒకాయన నోరు తెరిచే ఫ్రేము దగ్గర కోస్తే ఆయన మొదటి మాటలు అవతలి ముక్కలో పోతాయి. మాట దగ్గర కోస్తే మూగగా పెదవులాడించే మొహం ఒకటి మిగులుతుంది. ఇలాంటి కెమెరాలతో 16 మిల్లీమీటర్ల టీవీ వార్తలు తీసినవాళ్లు 1970ల దాకా ఈ బాధ పడ్డారు. స్టూడియోలు మాత్రం త్వరగానే తేల్చుకున్నాయి. బొమ్మకొక నెగటివ్, శబ్దానికొక నెగటివ్, రెండు యంత్రాలనూ ఒకే విద్యుత్ లయలో తిప్పే మోటార్లు, షాటు మొదట్లో క్లాప్. కెమెరా మోత వినబడకుండా దాన్ని గాజు కిటికీ ఉన్న గదిలో బంధించిన తొలి రోజులూ అవే. మైకుకి ఎక్కడ బాగుంటుందో అక్కడ మైకు, కెమెరాకి ఎక్కడ బాగుంటుందో అక్కడ కెమెరా. ఒకరి చోటు ఇంకొకరికి పనికిరాదన్న సంగతి అప్పుడే అనుభవంలోకి వచ్చింది.

మన దేశపు తొలి టాకీ మాత్రం మూవీటోన్ వైపు నుంచే బయల్దేరింది. 1931 మార్చి 14న విడుదలైన ఆలం ఆరాను అర్దేషిర్ ఇరానీ టానార్ యంత్రంతో తీశారు. శబ్దం, బొమ్మ ఒకే ఫిల్ము మీద ఒకేసారి. స్టూడియో రైలు పట్టాల పక్కన ఉండడంతో రైళ్లు తగ్గిన రాత్రివేళల్లో చిత్రీకరించి, మైకులను కెమెరా కంటికి కనబడకుండా దాచారు. ఇరానీ దగ్గర పనిచేసిన హెచ్.ఎం. రెడ్డి బొంబాయిలో తీసిన తెలుగు ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. నటులు పాడినప్పుడే పాట, పలికినప్పుడే మాట. ఈ పద్ధతి నాలుగేళ్లకే సడలింది. 1935లో కలకత్తా న్యూ థియేటర్స్‌లో నితిన్ బోస్ బెంగాలీ ‘భాగ్య చక్ర’లో నేపథ్యగానం ప్రవేశపెట్టారు, తర్వాతి దశాబ్దంలో తెలుగులోనూ అది పాతుకుపోయింది. ఆ తరవాత మాట కూడా సెట్టు విడిచి డబ్బింగ్ థియేటర్‌కి చేరింది. తేలికైనదీ చప్పుడెక్కువదీ అయిన ఆరిఫ్లెక్స్ 2సీ కెమెరా అందుకు బాగా తోడ్పడింది. కెమెరా గరగర మధ్య సెట్లో పట్టిన శబ్దం డబ్బింగ్‌లో నటుడికి దారి చూపే పైలట్ ట్రాకుగా మాత్రమే మిగిలింది. 2001లో ‘లగాన్’ను సింక్ సౌండ్‌లో, అంటే సెట్లో పలికిన మాటనే ఉంచి తీసినప్పుడు అదొక విశేషంగా చెప్పుకోవలసి వచ్చిందంటే ఈ విడదీత ఎంత లోతుకు దిగిందో అర్థమవుతుంది. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి: డబ్బింగ్ అలవాటు నటనకు నష్టం చేసింది, సెట్లో పలికిన ఊపిరి థియేటర్లో మళ్లీ రాదు. అయితే ‘లగాన్’ కూడా కెమెరా మైకు మీద ఆధారపడలేదు. దాని శబ్దం విడి మైకులతో, విడి రికార్డరు మీదే నమోదైంది. నష్టపరిచింది మళ్లీ పలికించడమే గాని విడిగా పట్టడం కాదు.

ప్రత్యక్ష ప్రసారానికి వస్తే తెలుగువాళ్లకు అది బొమ్మ లేకుండానే పరిచయం. భద్రాచల సీతారామ కల్యాణాన్ని రేడియోలో ఉషశ్రీ వ్యాఖ్యానంతో విన్న తరం మండపాన్ని చెవితోనే చూసింది. టెలివిజన్ వచ్చాక కూడా స్టూడియో కెమెరా మూగదే. శబ్దమంతా వేరే బల్ల మీద, వేరే ఇంజనీరు చేతిలో నడిచేది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ఏటీఎస్–6 ఉపగ్రహం ద్వారా జరిగిన సైట్ ప్రయోగం ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు కార్యక్రమాలు పంపింది, అందులో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఆ ప్రసారంలో ఒక బొమ్మకు రెండు ధ్వని మార్గాలు. ఒకే దృశ్యం రెండు భాషల్లో వినిపించగలిగిందంటే కారణం శబ్దం బొమ్మకు కట్టుబడి లేకపోవడమే. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ముచ్చటైన ఉదాహరణ ఇది, ఎందుకంటే ఇక్కడ విడదీత ఇబ్బందిని తప్పించుకోవడానికి కాదు, కొత్త పని చేయడానికి పనికొచ్చింది.

పెదవీ మాటా తప్పడం అనే టీవీ జబ్బు మొదలైంది కూడా ఆ దశాబ్దంలోనే. అనలాగ్ రోజుల్లో బొమ్మ ఎక్కడా ఆగేది కాదు, శబ్దంతో సమంగా చేరేది. 1970ల మధ్యలో డిజిటల్ ఫ్రేమ్ స్టోర్లు వచ్చాయి. వేరువేరు చోట్ల నుంచి వచ్చే బొమ్మలను ఒక ఫ్రేము సేపు జ్ఞాపకంలో పట్టి ఉంచి, స్టూడియో లయకు సర్దేవి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో క్వాంటెల్ సంస్థ అలాంటి యంత్రంతో ఒక బొమ్మలో ఇంకో బొమ్మ పెట్టి చూపించింది. మన లెక్కలో ఒక ఫ్రేము అంటే 40 మిల్లీసెకన్లు. ఇలాంటి యంత్రాలు మూడు నాలుగు దారిలో పడితే శబ్దం బొమ్మను దాటి ముందుకొచ్చేస్తుంది. ఎంత తేడా మనిషికి తెలుస్తుందన్నది అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో లెక్కకట్టింది: శబ్దం 45 మిల్లీసెకన్లు ముందుంటే పసిగడతాం, వెనకబడితే 125 దాకా పసిగట్టం. యూరప్ ప్రసార సంఘం 2007లో ఇంకా కఠినంగా ముందుకు 40, వెనక్కి 60 అని గీత గీసింది. ఈ అసమానతకు కారణం ప్రకృతిలోనే ఉంది. ధ్వని సెకనుకు 343 మీటర్ల చొప్పున నడుస్తుంది, మీటరుకు సుమారు మూడు మిల్లీసెకన్లు. చెరువు అవతలి గట్టున చాకిరేవులో బట్ట బండకు తగిలాక మోత వినడం మనకు అలవాటు. మోత తరవాత బట్ట పడడం ఎవరూ చూడలేదు.

కెమెరాకే మైకు తగిలించి ఇచ్చిన కాలం 1980లది. 1982లో సోనీ బీటాక్యామ్ కెమెరానూ రికార్డరునూ భుజం మీదకు తెచ్చింది, వెంటనే ఇళ్ల కోసం క్యామ్‌కార్డర్లు వచ్చాయి. మన పెళ్లి వీడియోలు వాటితోనే పుట్టాయి. ఆ క్యాసెట్లలో కెమెరా పట్టిన శబ్దం ఎంత మిగిలిందో గుర్తు చేసుకుంటే చాలు. ఊరేగింపు మీద సినిమా పాట, తలంబ్రాల మీద ఇంకో సినిమా పాట. 2008లో కానన్ 5డీ మార్క్ 2తో ఫొటో కెమెరా సినిమా తీయడం మొదలుపెట్టినప్పుడు బొమ్మ చూసి లోకమంతా మురిసింది. దానికి హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం లేదు. 2010లో కొత్త ఫర్మ్‌వేర్ వచ్చేదాకా శబ్దం స్థాయిని చేత్తో సర్దే వీలూ లేదు. దాంతో జేబులో పట్టే విడి రికార్డర్లు, షాటు మొదట్లో చప్పట్లు మళ్లీ రంగంలోకి వచ్చాయి. ఇరవయ్యయిదేళ్లపాటు ఒక్కటిగా ఉన్న పెట్టె ఇట్టే రెండయింది.

మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ల వంశం కూడా ఇదే చెబుతుంది. 1990లో అమీగా కంప్యూటర్ కోసం వచ్చిన వీడియో టోస్టర్, నాలుగు బొమ్మలను కలిపే స్టూడియో స్విచర్‌ను సామాన్యుల బల్ల మీదకు దించింది. అందులో శబ్దానికి చోటే లేదు, దానికి వేరే మిక్సర్ పెట్టుకోవలసిందే. తర్వాత వచ్చిన వీమిక్స్, 2012లో మొదలైన ఓబీఎస్ శబ్దాన్నీ లోపలికి తెచ్చాయి. తెచ్చినా ప్రతి శబ్దానికీ విడి పట్టీ, విడి మ్యూట్, మిల్లీసెకన్లలో విడి డిలే ఇచ్చాయి. 2020లో లాక్‌డౌన్ పడి, భద్రాచలం కల్యాణమే భక్తులు లేకుండా జరిగిన ఏడాది, ఈ పట్టీలు ఊరూరా వీడియోగ్రాఫర్ల ల్యాప్‌టాపుల మీదకు చేరాయి. డిలే ఎందుకో లెక్క చూడండి. కెమెరా సెన్సరు, లోపలి ప్రాసెసింగ్, క్యాప్చర్ కార్డు, సాఫ్ట్‌వేర్ బఫరు, ఒక్కోటి ఒకటీ అరా ఫ్రేము తిన్నా బొమ్మ వంద మిల్లీసెకన్లు సులువుగా దాటి ఆలస్యమవుతుంది. మిక్సర్ లైను మాత్రం చాలా తక్కువ ఆలస్యంతో వచ్చి కూర్చుంటుంది. మనిషి చెవి ఒప్పుకోని వైపే తేడా. ఖరీదైన కెమెరాతో ఇది మాయం కాదు, ఎక్కువ ప్రాసెసింగ్ చేసే కెమెరాలో ఒక్కోసారి పెరుగుతుంది కూడా.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. కెమెరా మైకు శబ్దం దాని బొమ్మతోనే కలిసి వస్తోంది కదా, అది సహజంగానే సింక్‌లో ఉంటే దాన్ని మూసి ఇంకోదాన్ని వెనక్కి లాగడం దేనికని. సింక్‌లో ఉన్న మాట నిజమే, ఆ ఒక్క కెమెరా బొమ్మతో. ఇంకో కెమెరాకు మారగానే ఇంకో చోటి శబ్దం, ఇంకో హాలు మోత. బొమ్మతోపాటు శబ్దాన్నీ తనంతట తాను మార్చే సదుపాయం సాఫ్ట్‌వేర్లలో ఉంది. వేరువేరు ఊళ్ల నుంచి మాట్లాడే అతిథుల చర్చకు అది బాగుంటుంది, ఒకే వేదికకు పనికిరాదు. పైగా ఇరవై మీటర్ల దూరంలో స్టాండు మీదున్న కెమెరాకి పురోహితుడి గొంతు చేరేసరికే దాదాపు 58 మిల్లీసెకన్లు గడుస్తాయి, దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరు డెసిబెళ్లు తగ్గుతుంది, గోడల ప్రతిధ్వని మాత్రం తగ్గదు. దానికి తోడు స్థాయిని తనే సర్దుకునే కెమెరా ఉంటుంది. జీలకర్ర బెల్లం వేళ గట్టిమేళం మోగగానే అది శబ్దాన్ని అణిచేస్తుంది. మేళం ఆగాక మళ్లీ లేచేలోపు మంత్రం సగం అయిపోతుంది.

మిక్సర్ లైనునే తీసుకెళ్లి ప్రధాన కెమెరా మైకు రంధ్రంలో పెడితే సరిపోదా అన్నది ఇంకా తెలివైన ప్రశ్న. చాలామంది అలాగే చేస్తారు, కెమెరాలన్నీ ఒకే రకమైతే బాగానే నడుస్తుంది కూడా. అప్పుడా కెమెరా చెవిగా కాక తీగగా పనిచేస్తోంది, డిలే సాఫ్ట్‌వేర్‌లో కాక కెమెరాలో పడుతోంది. లైన్ స్థాయి సంకేతాన్ని మైకు రంధ్రం తట్టుకోలేక పగిలిపోవడం, ఆ కెమెరా బ్యాటరీ అయిపోతే ప్రసారం మొత్తం మూగబోవడం దీనికి కట్టాల్సిన మూల్యం. ఫోను ఒక్కదానితో లైవ్ ఇచ్చేవాళ్లకు ఏ బాధా లేదు కదా అంటారు. లేదు, మూవీటోన్ వార్తల కెమెరాకు లేనట్టే. రెండో ఫోను వచ్చిన రోజున వస్తుంది.

డిలే ఒకసారి పెడితే అయిపోయిందని చెప్పడం మాత్రం తప్పు. కెమెరాలోని గడియారమూ యూఎస్‌బీ సౌండ్ కార్డులోని గడియారమూ వేరు. రెంటి మధ్య పది లక్షల్లో యాభై వంతుల తేడా ఉన్నా గంటకు 180 మిల్లీసెకన్లు, మూడు గంటల పెళ్లికి అర సెకను దాటుతుంది. సాఫ్ట్‌వేర్లు చాలావరకు సర్దుకుంటాయి గాని గంటకోసారి పెదవులు చూసుకోక తప్పదు. 1960లలో క్వార్ట్జ్ స్ఫటికాలతో కెమెరానూ నాగ్రా రికార్డరునూ తీగ లేకుండా ఒకే లయలో నడిపినవాళ్లు జయించిన సమస్య ఇదే, చవక గడియారాలతో తిరిగి వచ్చింది. కెమెరా మైకును పూర్తిగా పారేయనక్కర్లేదు. విడి ట్రాకులో రికార్డు చేసి ఉంచితే తర్వాత ఎడిటింగ్‌లో తరంగాలను సరిపోల్చి కలపడానికి అదే ఆధారం. చప్పట్లు, సన్నాయి, జనం సందడి కొద్దిగా కలపడానికీ అది పనికొస్తుంది.

ఈ పద్ధతి ఓడిపోయే చోటు ఒకటుంది, అది హాల్లోనే. వేదిక పక్కన పెట్టే ఎల్‌ఈడీ తెర మీద బొమ్మ మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ గుండా వెళ్లి నాలుగైదు ఫ్రేములు ఆలస్యంగా పడుతుంది. వక్త గొంతు మాత్రం స్పీకర్ల నుంచి అప్పటికప్పుడే వస్తుంది. స్పీకర్లకు డిలే పెడితే ముందు వరసలవాళ్లకు ఆయన అసలు గొంతు ఒకసారి, స్పీకర్ గొంతు ఒకసారి వినిపిస్తుంది, మాట్లాడే ఆయనకు నాలుక తడబడుతుంది. ఇంట్లో లైవ్ చూసేవాడికి పనికొచ్చిన ఉపాయం ఎదురుగా కూర్చున్నవాడికి పనికిరాదు. అందుకే అలాంటి చోట అనుభవజ్ఞులు తెరకు వెళ్లే కెమెరా తీగను ల్యాప్‌టాప్‌కి ముందే చీల్చి, నేరుగా హార్డ్‌వేర్ స్విచర్ గుండా పంపుతారు.